పంటచేనుకు లాంగ్ రేంజ్ తూటా ఎందుకు పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం, కడప జిల్లాల్లో అడవిపందులు వేరుశనగ చేలను తవ్వి పాడుచేస్తున్న తీరుపై మీ పత్రికలో కొన్నాళ్లుగా లేఖలు వస్తున్నాయి. వాటిలో ఒకటి రెండు లేఖలు, అమెరికాలో పంటలను, పచ్చికబయళ్లను పాడుచేసే చిన్న జంతువులను అక్కడి వారు మూడు నాలుగు వందల గజాల దూరం నుంచి సన్నని రైఫిల్ తూటాలతో కొడుతున్నారని, మన రైతులకు కూడా అటువంటి లాంగ్ రేంజ్ రైఫిళ్లకు లైసెన్సులు ఇస్తే పందుల బెడద తీరుతుందని సూచించాయి. ఆ లేఖలు రాసినవారి బాధ నాకు తెలియనిది కాదు. నేను సైన్యంలో చిన్న ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత తాడిపత్రి వైపు మా పొలంలో వేరుశనగ వేసుకుంటున్నాను. ఊడలు దిగి కాయ గట్టిపడే వేళకు పందుల మంద ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి చేను నాగలి పెట్టి దున్నినట్టు ఉంటుంది. అయినా ఆ సూచన తప్పు దారి పట్టిస్తుందని నా అభిప్రాయం. తూటా విషయంలో ఒక పొరపాటు లెక్క జనంలోకి వెళితే దాని ఫలితం పందికి కాక పక్క పొలంలో కావలి ఉన్న మనిషికి తగిలే ప్రమాదం ఉంది గనుక, కొంచెం వివరంగా రాయక తప్పడం లేదు.

తూటాను ఎంచుకునేటప్పుడు దాని వేగం ఎంత అన్నది మొదటి ప్రశ్న కాదు. కొట్టదలచిన జంతువు బరువెంత, అది ఎంత దూరంలో నిలబడుతుంది, దాని వెనుక ఏముంది అన్న మూడింటికీ జవాబు దొరికాకే తూటా మాట రావాలి. అమెరికావారు ఎంచుకున్న తూటాలు వారి జవాబులకు చక్కగా సరిపోయాయి. మన జవాబులు పూర్తిగా వేరు.

వారి సంగతే ముందు చూద్దాం. అక్కడ దూరం నుంచి కొట్టేది ప్రధానంగా ప్రెయిరీ డాగ్ అనే జంతువును. పేరులో కుక్క ఉన్నా అది ఉడుత జాతిది, బరువు కిలోకు అటూ ఇటూ. మోంటానా, వయోమింగ్, డకోటాల మైదానాల్లో గుంపులు గుంపులుగా బొరియలు తవ్వుకొని ఉంటుంది. పచ్చిక తినేస్తుందని, బొరియల్లో పశువుల కాళ్లు పడి విరుగుతాయని అక్కడి పశువుల కాపరుల ఫిర్యాదు. దానికంటే కాస్త పెద్దది గ్రౌండ్‌హాగ్, మూడు నాలుగు కిలోలు. ఇంకా పెద్దది కయోటీ అనే నక్క వంటి జంతువు, పది పదిహేను కిలోలు. మొదటి రెండూ పట్టపగలే తిరుగుతాయి, కయోటీ కూడా పగలు కనబడుతుంది. మైళ్ల తరబడి ఇల్లు కనిపించని బయలు. మనిషి దగ్గరికి వెళితే ప్రెయిరీ డాగ్ బొరియలోకి దూరిపోతుంది గనుక దూరం నుంచే కొట్టాలి. గురి చూడవలసిన ఒడలు అరచేతి వెడల్పు మాత్రమే. అంత చిన్న గురిని అంత దూరంలో తగలాలంటే తూటాలోంచి వెలువడే గుండు సాధ్యమైనంత సమంగా, తక్కువ జారుడుతో వెళ్లాలి. అందుకే వేగం అవసరమైంది. జంతువు చిన్నది గనుక గుండు బరువు అవసరం కాలేదు.

ఆ అవసరంలోంచే అక్కడి తూటాల వంశం పుట్టింది. వాటి పేర్లలో మొదట వచ్చే చుక్క అంకె గుండు వ్యాసాన్ని అంగుళాల్లో సుమారుగా చెబుతుంది. 1935లో వించెస్టర్ కంపెనీ తెచ్చిన .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల గుండును సెకనుకు 4,110 అడుగుల వేగంతో, అంటే 1,250 మీటర్ల పైచిలుకు వేగంతో పంపింది. గ్రాముకు పదిహేనున్నర గ్రెయిన్లు అనుకుంటే ఆ గుండు బరువు మూడు గ్రాములు. అంత వేగానికి బ్యారెల్ లోపలి గాళ్లు, అంటే గుండును తిప్పడానికి గొట్టం లోపల మెలికగా చెక్కిన గాడులు, త్వరగా అరిగిపోతాయన్న పేరూ దానికి వెంటనే వచ్చింది. 1950లో .222 రెమింగ్టన్, 1964లో దాని అన్నలాంటి .223 రెమింగ్టన్ వచ్చాయి. అప్పటికి ఎన్నో ఏళ్లుగా తుపాకి పనివాళ్లు పాత .250 సావేజ్ కేసు (తూటాలో మందు పట్టే ఇత్తడి గొట్టం) మూతిని నొక్కి సన్నం చేసి సొంతంగా తయారు చేసుకుంటున్న తూటాను 1965లో రెమింగ్టన్ కంపెనీ .22-250 పేరుతో తన జాబితాలో చేర్చుకుంది. ఈనాటికీ దూరపు గురికి అక్కడి వారు మొదట చెప్పే పేర్లలో అదొకటి. 2004లో వచ్చిన .204 రూగర్ మరీ సన్నం, 32 గ్రెయిన్ల గుండు, వేగం 4,225 అడుగులు. వీటికి కొంచెం పెద్దన్న 1955లో వచ్చిన .243 వించెస్టర్. అది చిన్న జంతువులకూ, జింకలకూ రెండింటికీ పనికివచ్చేలా తయారైనది.

ఇక్కడ మీ పాఠకుల్లో చాలామంది అనుకునేదేమంటే, ఎంత వేగంగా బయలుదేరితే అంత దూరం తిన్నగా పోతుందని. సగమే నిజం. .22-250 లో 55 గ్రెయిన్ల గుండు సెకనుకు 3,680 అడుగులతో బయలుదేరుతుంది. .243 లో 100 గ్రెయిన్ల గుండు 2,960 అడుగులతో బయలుదేరుతుంది. మొదట్లో రెండింటి మధ్య తేడా 700 అడుగులకు పైమాటే. కాని కంపెనీలు ప్రచురించే పట్టికలు చూస్తే 300 గజాలు దాటేసరికి మొదటి గుండు వేగం 2,222 అడుగులకు, రెండో గుండు వేగం 2,215 అడుగులకు దిగుతుంది. అంటే రెండూ దాదాపు ఒకే వేగంతో నడుస్తుంటాయి. తేలిక గుండును గాలి త్వరగా ఆపుతుంది, బరువున్న పొడవాటి గుండు గాలిని చీల్చుకొని తన వేగాన్ని నిలుపుకుంటుంది. బయలుదేరినప్పటి శక్తిలో .22-250 ఆ దూరానికి మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగుల్చుకుంటే, .243 సగానికి పైగా మిగుల్చుకుంటుంది.

అడ్డగాలి సంగతి ఇంకా విచిత్రం. గంటకు పదహారు కిలోమీటర్ల అడ్డగాలిలో 300 గజాల దగ్గర .22-250 గుండు సుమారు 12 అంగుళాలు పక్కకు జరుగుతుంది. అదే దూరంలో .223 దాదాపు 15 అంగుళాలు జరుగుతుంది. .22-250 కంటే నెమ్మదిగా ప్రయాణించి ఆలస్యంగా చేరే .243 మాత్రం ఎనిమిది అంగుళాలే జరుగుతుంది. గుండును గాలి పక్కకు నెట్టడం అది ఎంతసేపు గాలిలో ఉన్నదన్న దాని మీద ఆధారపడి ఉండదు. గాలి అడ్డే లేకుంటే పట్టే సమయం కంటే ఎంత ఆలస్యమైందో ఆ ఆలస్యం మీద ఆధారపడి ఉంటుంది. సైన్యంలో కుర్రవాళ్లకు ఈ సంగతి నేర్పేటప్పుడు మొదట ఒక్కరూ నమ్మరు, పట్టిక ముందు పెట్టి కూడికలు తీసివేతలు చేయిస్తే గాని తలకెక్కదు.

మన ప్రాంతంలో ఈ లెక్కకు ప్రత్యేకమైన విలువ ఉంది. రామగిరి గుట్టల మీద, ఉరవకొండ, వజ్రకరూరు బయళ్లలో గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఇక్కడ విడవకుండా వీస్తుంది, వేరుశనగ పంటకాలం కూడా సరిగ్గా అదే. నేను పైన చెప్పిన పదహారు కిలోమీటర్ల గాలి మాకు ఆషాఢంలో గాలి కిందే లెక్క కాదు. గాలి రెట్టింపైతే జరుగుడూ రెట్టింపే. 300 గజాల దూరంలో రెండడుగులు పక్కకు పోయే గుండును నమ్ముకొని పంది భుజం మీద గురి పెడితే, అది పొట్టలో తగలవచ్చు, తొడలో తగలవచ్చు, అసలు తగలకపోనూవచ్చు.

గుండు తయారీ సంగతి వేగం కంటే ముఖ్యమైనది. లేఖలు రాసినవారు దాన్ని ప్రస్తావించనే లేదు. ప్రెయిరీ డాగ్ కోసం చేసే గుండుకు రాగి తొడుగు పలుచగా ఉంటుంది, లోపల మెత్తని సీసం, మొనలో చాలావాటికి ప్లాస్టిక్ ముక్క. దేనికి తగిలినా ఆ క్షణంలోనే అది తునాతునకలైపోవాలని దాన్ని అలా తయారుచేస్తారు. కిలో బరువున్న జంతువుకు అది చాలు. తప్పిపోయి నేలకు తగిలినా పిండిపిండి అవుతుంది గనుక ఎగిరి మరో దిక్కుకు పోయే అవకాశం తగ్గుతుంది. అక్కడివారు అటువంటి గుండును ఎంచుకోవడానికి ఈ రెండో కారణం కూడా ఉంది, అది మెచ్చుకోదగిన కారణమే. పెద్ద జంతువుకు వాడే గుండుకు మాత్రం తొడుగు మందంగా ఉండాలి. చర్మం, కండ, ఎముక దాటి లోపలికి వెళ్లాకే మొన విచ్చుకోవాలి. ఒకే తూటాలో రెండు రకాల గుండ్లూ దొరుకుతాయి గనుక, ఫలానా తూటా వాడాలని చెప్పి ఊరుకుంటే సగం మాట చెప్పినట్టే.

బ్యారెల్ లోపలి గాళ్ల మెలిక కూడా దీనితో ముడిపడిన విషయమే. 1955లో ఒకే ఏడాది రెండు కంపెనీలు ఒకే వ్యాసపు గుండుతో రెండు తూటాలు తెచ్చాయి. వించెస్టర్ వారి .243 కి పది అంగుళాలకు ఒక చుట్టు మెలిక పెట్టారు, రెమింగ్టన్ వారి .244 కి పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు పెట్టారు. మెలిక ఎంత నిదానమైతే పొడవాటి బరువు గుండు గాలిలో అంత తడబడుతుంది. రెమింగ్టన్ వారు చిన్న జంతువుల వేటగాళ్లను మాత్రమే దృష్టిలో పెట్టుకొని తేలిక గుండ్లకు సరిపడే మెలిక పెట్టారు. కొనేవాళ్లు అదే రైఫిల్‌తో జింకను కూడా కొట్టాలనుకున్నారు. కేసులో మందు పట్టే చోటు ఎక్కువే ఉన్నా .244 అమ్మకాల్లో వెనకబడింది. 1963లో తొమ్మిది అంగుళాల మెలికతో, 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి తెచ్చినా .243 ను అందుకోలేకపోయింది. చిన్న జంతువుకు తయారైన సరంజామాతో పెద్ద జంతువు పని చేయించబోతే ఏమవుతుందో ఆ దేశంలోనే తేలిపోయిన సంగతి ఇది.

ఇప్పుడు మన పంది దగ్గరికి వద్దాం. ఎదిగిన మగపంది అరవై డెబ్భై కిలోలు సులభంగా ఉంటుంది, వంద కిలోలు దాటినవీ ఉంటాయి. మెడ నుంచి భుజాల మీదుగా పక్కటెముకల దాకా దాని తోలు కింద గట్టి పీచులాంటి పొర ఒకటి పేరుకొని ఉంటుంది. మగపందులు ఒకదానితో ఒకటి కోరలతో పోట్లాడుకునేటప్పుడు గుండెను కాపాడేది అదే. దాని మీద ఎండిన బురద, జిగురు అంటుకొని ఇంకా బిరుసెక్కుతుంది. మూడున్నర గ్రాముల పలుచని తొడుగు గుండు ఆ పొరకు తగిలిందంటే పైపైనే చితికి, అరచేయంత పుండు చేసి ఆగిపోతుంది. పంది అక్కడికక్కడ చావదు. పరుగెత్తి కంపచెట్లలోకో, వంకలోకో దూరి రెండు మూడు రోజులు కుళ్లి చస్తుంది. లేదా తెల్లారి పేడ ఎత్తడానికి వెళ్లిన ఆడమనిషి మీద తిరగబడుతుంది. దెబ్బ తిన్న మగపంది ఎంత ప్రమాదకరమో నల్లమల, పాలకొండల అంచు ఊళ్లవారికి నేను చెప్పనక్కరలేదు.

దూరం మాట చూద్దాం. పంది పగలు చేనులోకి రాదు. చీకటి పడ్డాక వస్తుంది, వచ్చినా గట్టు పొడవునా తలవంచి నడిచి సాళ్ల మధ్యకు దిగుతుంది. టార్చి వెలుతురులో అది పంది అని, పక్కింటి దూడ కాదని, చేనుకు కావలి పడుకున్న మనిషి కదలిక కాదని రూఢిగా తెలిసే దూరం ముప్ఫై నలభై మీటర్లు. ఆ దూరంలో .22-250 కి ఉన్న చదునైన మార్గం ఏ పనికీ రాదు. మన చేనులో చీకటి వల్ల దూరం అంతకు మించి సాగదు గనుక, దూరానికి తయారైన తూటా కొనడం డబ్బు దండగ.

ఇక మూడో ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైనది, గురి వెనుక ఏముంది అన్నది. సామాన్యంగా పిల్లల ఆటవస్తువులా చూసే .22 రిమ్‌ఫైర్ తూటా పెట్టె మీదే ఒకటిన్నర మైలు దూరం దాకా ప్రమాదకరమన్న హెచ్చరిక అచ్చు వేస్తారు. .30-06 వంటి పెద్ద తూటా గుండు పైకి ఎగిరితే మూడు కిలోమీటర్లు దాటి పోతుంది. మోంటానాలో మూడు కిలోమీటర్ల అవతల ఏముండదు. మా ఊరి చేను నుంచి మూడు కిలోమీటర్ల లోపల రెండు పల్లెలు, ఒక బడి, ఒక దర్గా, రోడ్డు ఉన్నాయి, ప్రతి నాలుగో చేనులో రాత్రి ఎవరో ఒకరు మంచె మీదో, ట్రాక్టరు ట్రాలీలోనో పడుకొని ఉంటారు.

అందుకే తూటా కంటే ముందు కొట్టే మనిషి కూర్చునే చోటు నిర్ణయించాలని నా వాదన. లెక్క కష్టమైనది కాదు. మంచె మీద కూర్చున్న మనిషి చేతిలో తుపాకి మూతి నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. నలభై మీటర్ల దూరంలో నేలకు అర మీటరు ఎత్తులో పంది గుండె ఉంటుంది. పందిని దాటిన గుండు, లేదా తప్పిపోయిన గుండు, ఇంకో ఆరేడు మీటర్లలో మన ఎర్రనేలలోనే దిగబడుతుంది. అదే మనిషి నేల మీద నిలబడి భుజం ఎత్తులోంచి కొడితే గుండు పందికి అవతల ఇరవై మీటర్ల దాకా పోతుంది. బోర్లా పడుకొని కొడితే అది నేలకు సమాంతరంగా ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. అదే మంచె మీద నుంచి 300 మీటర్ల దూరానికి కొడితే గుండు ఒక డిగ్రీకి అటూ ఇటూ వాలుతో నేలను రాసుకుంటూ తగులుతుంది. పలుగురాళ్లు పరుచుకున్న మన చెలకల్లో అలా తగిలిన మందపు తొడుగు గుండు ఎగరకుండా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చెరువులో పిల్లలు పెంకు విసిరితే నీళ్ల మీద ఎలా ఎగురుతుందో అలాగే ఎగురుతుంది.

మన చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునే దానికంటే తెలివిగానే ఉంది. 1959 నాటి ఆయుధ చట్టం 13వ సెక్షన్ పంట రక్షణ కోసం మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునని, అది చాలదని తోస్తే లోపల గాళ్లు లేని మరో తుపాకికి ఇవ్వవచ్చునని చెబుతుంది. గాళ్లు లేని తుపాకి అంటే మన ఊళ్లలో పాత తరం ఇళ్లలో కనిపించే 12 బోరు తుపాకే. పంట కాపలాకు రైఫిల్ సంగతి ఆ సెక్షన్‌లో లేదు. దూరం పోని ఆయుధాన్నే పంటచేనుకు కేటాయించిన ఆ ఆలోచనను నేను పూర్తిగా సమర్థిస్తాను.

12 బోరులోనూ ఎంపిక ఉంది. పిట్టలకు వాడే 4, 6 నంబరు రవ్వ (సన్నని సీసపు గుండ్లు) పందికి పనికిరాదు, గాయం చేసి వదిలేస్తుంది. ఎల్‌జీ తూటాలో తొమ్మిది మిల్లీమీటర్ల వ్యాసమున్న అరడజను పెద్ద గుండ్లుంటాయి. ముప్ఫై గజాల లోపల అవి ఒకచోట పడతాయి, పని జరుగుతుంది. నలభై దాటితే విడిపోతాయి, ఒకటో రెండో తగిలి పంది గాయంతో పారిపోతుంది. ఒంటి గుండు తూటా మరింత నమ్మదగినది, కాని మూతి బాగా బిగుతుగా ఉన్న చోక్ బ్యారెల్‌లో దాన్ని వేయకూడదు. ఈ సంగతి తెలియక తాతల నాటి తుపాకుల్లో ఏది దొరికితే అది దూర్చేవారున్నారు. తుపాకి కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా కాగితం మీద కొట్టి చూడని వారు ఎందరో. ముప్ఫై గజాల దూరంలో ఒక పాత దినపత్రిక కట్టి, ఏ తూటాకు గుండ్లు ఎంత మేర విడిపోతున్నాయో చూసుకుంటే చాలు, తన తుపాకి హద్దు తనకే తెలుస్తుంది.

రైఫిలే కావాలంటే, అది కూడా శిక్షణ పొంది ప్రభుత్వం అనుమతించిన వారి చేతికే కావాలంటే, మన దేశంలోనే దానికి తగినది ఉంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వారి .315 స్పోర్టింగ్ రైఫిల్ అది. బ్రిటిష్ వారు సైన్యం వాడే .303 తూటాను సామాన్యుల చేతికి ఇవ్వడానికి ఇష్టపడలేదు. ఆస్ట్రియా వారి పాత 8 ఎంఎం మాన్లికర్ తూటా ఆ విధంగా .315 పేరుతో ఈ దేశంలో నిలిచిపోయింది. దాని గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు పదహారు గ్రాములు. వేగం సెకనుకు 600 మీటర్ల పైచిలుకు, .22-250 వేగంలో సగానికి కాస్త ఎక్కువ. కాని బరువును వేగంతో గుణించి చూస్తే .315 గుండు తోపు .22-250 గుండు తోపుకు దాదాపు రెండున్నర రెట్లు. మెత్తని మొన ఉన్న ఆ గుండు నలభై యాభై మీటర్లలో పంది భుజం పొరను దాటి లోపలికి పోతుంది. లాంగ్ రేంజ్ అభిమానులు దాన్ని పాతకాలపు తూటా అని తీసిపారేస్తారు. 300 గజాలకు అది పాతకాలపుదే, నిజమే. ఇక్కడ మనకు అంత దూరం అక్కరలేదు. ఇదే ఫ్యాక్టరీ చేసే .30-06 కూడా శక్తిలో తక్కువది కాదు, కాని దాని గుండు పందిని దాటాక కూడా ఎక్కువ దూరం పోతుంది గనుక పల్లె దగ్గర నేను .315 వైపే మొగ్గుతాను. అందులోనూ మెత్తని మొన గుండే వాడాలి. సైన్యపు రకం పూర్తి తొడుగు గుండు పందిని సూదిలా దాటిపోయి అవతల మనిషిని వెతుక్కుంటుంది.

అనుమతి సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం రెండో షెడ్యూలులోని జంతువు నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారితే దాన్ని కొట్టడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు, అడవిపంది ఇప్పుడు ఆ షెడ్యూలులోనే ఉంది. మొదటి షెడ్యూలులోని కృష్ణజింక, నెమలి, ఎలుగుబంటి మాట వేరు. మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, బాగుపడనంతగా గాయపడితేనో, జబ్బు చేస్తేనో తప్ప వాటిని కొట్టడానికి అనుమతి రాదు. పంట నష్టం దానికి కారణం కాజాలదు. చీకట్లో మెరిసే కళ్లను చూసి దూరం నుంచి కొట్టేవాడు పందికీ జింకకూ తేడా తెలుసుకోలేడు. లాంగ్ రేంజ్ మీద నా అభ్యంతరానికి ఇదొక అదనపు కారణం. చేను చుట్టూ కరెంటు తీగ వేసి, నాటు బాంబును తిండిలో పెట్టి పందిని చంపబోయి మనుషులు, పశువులు చస్తున్న వార్తలు మీ పత్రికలో తరచూ వస్తూనే ఉన్నాయి. ఆ పనులకు బదులుగా చట్టబద్ధమైన దారి ఒకటి ఉందని, అది నడిచే దారేనని రైతు నమ్మాలంటే అనుమతి పత్రం రైతుకు ఉపయోగపడేలా ఉండాలి.

కాబట్టి అటవీ శాఖ, జిల్లా యంత్రాంగం ముందు మీ పత్రిక ద్వారా నేను పెట్టే కోరిక ఇది. పందులను కొట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు వ్యక్తి పేరు, ఊరి పేరు, గడువు రాసి ఊరుకోకుండా, వాడవలసిన తుపాకి ఏది, గుండు ఏ రకం, ఎంత దూరం లోపల కొట్టాలి, ఎంత ఎత్తు నుంచి కొట్టాలి అన్నవి కూడా ఆ పత్రంలోనే రాయాలి. 12 బోరు అయితే ఎల్‌జీ గాని, ఒంటి గుండు గాని, ముప్ఫై గజాల లోపల అని, .315 అయితే మెత్తని మొన గుండు, మంచె మీద నుంచి మాత్రమే, యాభై మీటర్ల లోపల అని ఒక్క వాక్యంలో రాయవచ్చు. అనుమతి పొందేవారు ముందుగా జిల్లా పోలీసు ఫైరింగ్ రేంజిలో తన తుపాకితోనే గురి చూపించి రావాలి. కొట్టే రాత్రి చుట్టుపక్కల చేల వారికి దండోరా వేయించాలి. సీమలో తుపాకి లైసెన్సు అనగానే అధికారులు వెనకాడటానికి కారణమేమిటో ఇక్కడి పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. నేను కోరుతున్నది కొత్త లైసెన్సులను కాదు, ఉన్న కొద్దిమంది లైసెన్సుదారుల్లో తగినవారిని ఎంచి, వారి తూటాను, దూరాన్ని కట్టుబాటులో పెట్టడాన్ని. పంటచేనుకు దూరం పోని ఆయుధమే తగినదన్న చట్టం ఉద్దేశానికి కూడా ఇది దగ్గరగానే ఉంటుంది.

మరొక చిన్న విషయం. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులను సాధారణంగా స్టేషనులో అప్పగించవలసి వస్తుంది, మళ్లీ చేతికి వచ్చేసరికి నెలలు పడుతుంది. అది తప్పని నేననను. అయితే పంటకాలంలో ఎన్నికలు వస్తే, అనుమతి పొందినవారి తుపాకులను స్టేషనులోనే ఉంచి, అటవీ సిబ్బంది సమక్షంలో ఆ ఒక్క రాత్రికి ఇచ్చి తెల్లారేసరికి తిరిగి తీసుకునే ఏర్పాటు చేయలేమా అన్నది పోలీసు అధికారులు ఆలోచించదగిన ప్రశ్న. జూన్, జూలైలో విత్తిన వేరుశనగలో కాయ ఊరడం ఆగస్టు చివరికి మొదలవుతుంది, పందులు దిగేది అప్పుడే. దరఖాస్తు వేసినవారికి అనుమతి అక్టోబరులో చేతికి వస్తే అప్పటికి చెట్టు పీకి కుప్ప వేసి ఉంటుంది. అందువల్ల గత ఏడాది నష్టం నమోదైన ఊళ్ల జాబితాను ముందే తయారుచేసుకొని, ఆగస్టు పదిహేను లోపల ఆ ఊళ్లకు అనుమతి పత్రాలు అందేలా చూడాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సైనికోద్యోగి, వేరుశనగ రైతు,
తాడిపత్రి ప్రాంతం, అనంతపురం జిల్లా.